వెట్టి తప్పని 1950లోనే రాశారు.. అప్పు రద్దు చేసే చట్టానికి పాతికేళ్లు ఎందుకు పట్టింది? రాజ్యాంగంలో రాజీల కథ ఇదీ

ఒంటిమిట్ట: పట్నంలో జీతం అంటే నెల తిరిగేసరికి బ్యాంకులో పడే డబ్బు. కడప, కర్నూలు పల్లెల్లో పెద్దవాళ్లను అడిగితే అర్థం వేరేగా ఉంటుంది. ‘మా నాయన రెడ్డి గారింట్లో జీతం ఉన్నాడు’, ‘పిల్లోన్ని గొర్రెల కాడ జీతానికి పెట్టినారు’ అంటారు. అంటే ముందే కొంత డబ్బు తీసుకుని, ఆ బాకీ తీరేదాకా ఆ ఇంటి చాకిరీ చేయడం. పగలు, రాత్రి అని లేదు. వేరే చోట ఎక్కువ కూలి ఇస్తామన్నా పోవడానికి లేదు.

ఈ ‘జీతం’ అనే మాట భారత ప్రభుత్వ చట్టంలో కూడా ఉంది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశంలో ఏయే పేర్లతో వెట్టి నడుస్తోందో ఒక జాబితా ఇచ్చింది. అందులో మన మాటలైన జీతం, పాలేరు, వెట్టి ఉన్నాయి. హైదరాబాద్ సంస్థానంలో వినిపించిన భగేలా కూడా ఉంది.

అయితే వెట్టిని నిషేధిస్తున్నామని రాజ్యాంగం 1950 జనవరి 26 నాడే చెప్పేసింది కదా? మరి అప్పును రద్దు చేసి, మనిషిని విడిపించే చట్టం రావడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది? దీనికి సమాధానం రాజ్యాంగం రాసేటప్పుడు జరిగిన సర్దుబాట్లలో ఉంది. ఆ కథేంటో, ఇవాళ అడ్వాన్సు తీసుకున్న కూలీకి దాంతో పనేంటో చూద్దాం.

అమెరికాలో ఏం జరిగింది?

రాజ్యాంగం, బానిసత్వం, రాజీ అనగానే ప్రపంచమంతా ముందు చెప్పుకునేది అమెరికా గురించే. 1787లో ఫిలడెల్ఫియాలో రాష్ట్రాల ప్రతినిధులు కూర్చుని రాజ్యాంగం రాశారు. దక్షిణాది రాష్ట్రాల్లో పొలాలన్నీ బానిసల చేతుల మీదే నడిచేవి. బానిసత్వం జోలికొస్తే మేం కలవమని సౌత్ కరోలినా, జార్జియా ప్రతినిధులు పట్టుబట్టారు. దాంతో మూడు ఒప్పందాలు కుదిరాయి.

ఒకటి, దిగువ సభ సీట్ల లెక్కలో ప్రతి ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కించాలి. బానిసకు ఓటు లేదు, అతని తల లెక్కతో యజమాని రాష్ట్రానికి మాత్రం సీట్లు పెరిగాయి. రెండు, బయటి నుంచి బానిసలను తెచ్చే వ్యాపారాన్ని 1808 వరకు ఆపకూడదు. మూడు, పారిపోయిన బానిస ఏ రాష్ట్రంలో దొరికినా యజమానికి అప్పగించాలి.

విచిత్రం ఏంటంటే, ఇంత రాసినా ఆ రాజ్యాంగంలో ‘బానిస’ అనే పదం లేదు. ‘ఇతర వ్యక్తులు’, ‘పనికి కట్టుబడిన వ్యక్తి’ అంటూ తప్పించుకున్నారు. ఈ రాజీ ఖరీదు తర్వాత తెలిసింది. 1860 నాటికి అక్కడ బానిసల సంఖ్య దాదాపు 40 లక్షలకు చేరింది. 1861 నుంచి 1865 దాకా జరిగిన అంతర్యుద్ధంలో 6 లక్షల మందికి పైగా చనిపోయారు. 1865లో 13వ సవరణతో బానిసత్వం రద్దయింది. దానికీ ఒక మినహాయింపు పెట్టారు, నేరానికి శిక్షగా అయితే బలవంతపు పని చేయించుకోవచ్చని. దాన్ని అడ్డం పెట్టుకుని నల్లజాతి ఖైదీలను గనులకు, తోటలకు అద్దెకు ఇచ్చారు.

ఈ మినహాయింపు సంగతి గుర్తుపెట్టుకోండి. మన కథలో మళ్లీ వస్తుంది.

కంపెనీ కాలంలో కడప

1800లో నిజాం నవాబు కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలు అనే పేరు అందుకే వచ్చింది. ఒంటిమిట్ట కూడా అలాగే కంపెనీ కిందికి వెళ్లింది.

1833లో బ్రిటన్ పార్లమెంటు తన వలస దేశాల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. యజమానులకు పరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. బానిసలకు పైసా ఇవ్వలేదు. అదే చట్టంలో ఇంకో వాక్యం కూడా పెట్టింది, కంపెనీ పాలనలో ఉన్న ప్రాంతాలకు ఇది వర్తించదని. అంటే వెస్టిండీస్ చెరకు తోటల్లో బానిసకు విముక్తి, కడపలో మాత్రం పాత కథే.

పదేళ్ల తర్వాత 1843లో భారత బానిసత్వ చట్టం వచ్చింది. ఇందులో లౌక్యం చూడండి. ‘బానిసలను విడుదల చేస్తున్నాం’ అని అందులో ఎక్కడా లేదు. బానిస మీద హక్కు ఉందని ఎవరైనా కోర్టుకొస్తే కోర్టు ఒప్పుకోదని మాత్రమే చెప్పింది. యజమానికి కోర్టు అండ పోయింది కానీ, నువ్వు స్వేచ్ఛ పొందావని మనిషికి చెప్పేవాళ్లు లేరు. 1860లో వచ్చిన భారత శిక్షాస్మృతి మనుషులను బానిసలుగా కొనడం, అమ్మడం నేరమని చెప్పింది.

మరి పొలం పని ఆగిందా? లేదు. కొనుగోలు పత్రం స్థానంలో అప్పు పత్రం వచ్చింది. మనిషిని కొనడం నేరమైంది, మనిషికి అప్పిచ్చి కట్టేసుకోవడం నేరం కాలేదు. పెళ్లికో, జబ్బుకో, వానలు లేని ఏడు తిండి గింజలకో తీసుకున్న డబ్బు తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది. కరువు సీమలో ఇలాంటి అప్పుకు కొదవ ఏముంది?

చెరువు కట్ట చట్టం

ఇంకో రకం వెట్టి కూడా ఉంది. అది సర్కారు వెట్టి. మద్రాసు రాజధానికి 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చారు. చెరువు కట్ట, కాలువ గట్టు తెగే ప్రమాదం వస్తే ఊళ్లో ఒంట్లో శక్తి ఉన్న ప్రతివాడూ వచ్చి పనిచేయాల్సిందే. చెరువుల పనుల్లో పాత కాలం నుంచి వస్తున్న గ్రామస్థుల వంతు పనిని కూడా ఈ చట్టం కిందికే తెచ్చారు.

చెరువును నమ్ముకున్న ఒంటిమిట్ట లాంటి ఊళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కట్ట తెగితే ఊరు మునుగుతుంది, అప్పుడు అందరూ పార పట్టాలి. ఇందులో తప్పేముంది? సమస్య ఎక్కడంటే, అధికారి క్యాంపుకొస్తే సామాను మోయడం, గుర్రానికి గడ్డి తేవడం కూడా సర్కారు పని కిందే నడిచేది. ఆ మూట ఎవరి నెత్తికెక్కేదో చెప్పనక్కర్లేదు. ఊళ్లో అందరికంటే కింద ఉన్న కులాలకే. మద్రాసు రాజధాని పల్లెల్లో ఊరి పనులు చేసే సేవకుడి పేరే ‘వెట్టివాడు’.

కట్ట కాపాడే పనికీ, దొర మూట మోసే పనికీ తేడా ఎలా రాయాలి? రాజ్యాంగ సభ ముందుకు వచ్చిన అసలు ప్రశ్నల్లో ఇదొకటి.

రాజ్యాంగ సభలో ఏం జరిగింది?

1947లో డాక్టర్ అంబేడ్కర్ ‘రాష్ట్రాలు, మైనారిటీలు’ పేరుతో ఒక పత్రం ఇచ్చారు. ఎవరితోనైనా బలవంతంగా పని చేయించడం నేరం కావాలని అందులో కోరారు. అక్కడితో ఆగలేదు. సాగుభూమి ప్రభుత్వానిదై, కులమతాలతో పనిలేకుండా సాగుదార్లకు కౌలుకు దక్కాలన్నారు. ఆయన లెక్క సింపుల్. భూమి లేనివాడికి ‘నువ్వు స్వేచ్ఛగా ఉన్నావు’ అని చెబితే వాడు మళ్లీ ఆ భూమి ఉన్నవాడి గుమ్మం ముందుకే వెళ్తాడు.

సభలో కాంగ్రెస్ నాయకులతో పాటు జమీందార్లు, సంస్థానాల ప్రతినిధులు కూడా ఉన్నారు. మన రాయలసీమ నుంచి నీలం సంజీవరెడ్డి, కల్లూరు సుబ్బారావు, మాడభూషి అనంతశయనం అయ్యంగార్ సభ్యులుగా ఉన్నారు. వెట్టి మీద ముసాయిదాలో ఉన్నది 17వ అధికరణం. 1948 డిసెంబర్ 3న చర్చకు వచ్చింది. ఇప్పుడు అదే 23వ అధికరణం. మనుషుల వ్యాపారం, బేగార్, అలాంటి ఇతర బలవంతపు శ్రమ నిషేధమని, దాన్ని ఉల్లంఘిస్తే చట్ట ప్రకారం శిక్షించదగిన నేరమని అది చెబుతుంది. బేగార్ అంటే మన వెట్టే. గమనిస్తే ‘బానిసత్వం’ అనే పదం ఈ అధికరణంలో కూడా లేదు.

వెట్టి వద్దన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. సంస్థానాల్లో బేగార్ ఎంత ఘోరంగా ఉందో రాజ్ బహదూర్ లాంటి సభ్యులు సభకు వివరించారు. అమెరికాలోలాగా ‘మా బానిసలు మాకు కావాలి’ అని ఇక్కడ బహిరంగంగా అడిగినవాళ్లు లేరు. కానీ వెట్టిని నిలబెట్టే వాటిలో దేన్ని ముట్టుకోవాలి, దేన్ని తర్వాత చూద్దామనాలి అన్న దగ్గర సర్దుబాట్లు జరిగాయి. అవేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

సర్దుబాటు 1: ప్రజా ప్రయోజనం

23వ అధికరణం రెండో భాగం ప్రకారం ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం నిర్బంధ సేవ విధించవచ్చు. దేశరక్షణ, వరదలు లాంటి అవసరాలకు ఇది ఉండాలన్నది వాదన. అయితే ఒక షరతు పెట్టారు. అలా పనికి పిలిచేటప్పుడు మతం, జాతి, కులం, వర్గం అనే కారణంతో మాత్రమే తేడా చూపకూడదు. చెరువు కట్టకు అందర్నీ పిలువు, ఒక్క పేట వాళ్లనే పిలవకు అన్నమాట. ఈ షరతు మంచిదే. కానీ ఆ పనికి కూలి ఇవ్వాలని అందులో రాయలేదు.

సర్దుబాటు 2: దేవుడి పేరుతో

మతం పేరుతో ఆడపిల్లలను దేవదాసీలుగా మార్చడాన్ని కూడా ఈ అధికరణంలోనే నిషేధించాలని కె.టి. షా సవరణ ఇచ్చారు. మద్రాసులో దీనిపై ఇప్పటికే చట్టం ఉంది కదా, రాజ్యాంగంలో ఎందుకని టి.టి. కృష్ణమాచారి అన్నారు. సవరణ చేరలేదు. నిజమే, 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. మరి బసివి, జోగిని, మాతమ్మ పేర్లతో ఆ ఆచారం ఆగిందా? ఆగలేదు కాబట్టే ఆంధ్రప్రదేశ్ 1988లో మళ్లీ ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది.

సర్దుబాటు 3: గొర్రెల కాడి పిల్లోడు

పక్కనే ఉన్న 24వ అధికరణం 14 ఏళ్లలోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకర పనుల్లో పెట్టొద్దంటుంది. పొలం, పశువుల కొట్టం పేర్లు అందులో లేవు. ఆ రోజుల్లో సీమలో పిల్లలు ఎక్కువగా పనిచేసింది ఎక్కడ? సరిగ్గా అక్కడే. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్న సాధారణ నిషేధం 2016 సవరణతో గానీ రాలేదు. అందులో కూడా చదువుకు అడ్డం రాకుండా సొంత కుటుంబ పనికి సాయం చేయడానికి మినహాయింపు ఉంది.

సర్దుబాటు 4: భూమి

అంబేడ్కర్ అడిగిన భూమి ప్రతిపాదన రాజ్యాంగంలోకి రాలేదు. ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుగా వచ్చింది. దీని మీద సభలో పెద్ద పేచీనే నడిచింది. చివరికి 1949 సెప్టెంబర్‌లో నెహ్రూ తెచ్చిన రాజీ ముసాయిదాతో పరిహారం ఇచ్చి భూమి తీసుకునే పద్ధతి ఖాయమైంది, జమీందారీ రద్దు చట్టాలకు కొంత రక్షణ దొరికింది. కానీ రాయలసీమలో చాలా భాగం మన్రో కాలం నుంచే రైత్వారీ. జమీందారు లేని చోట జమీందారీ రద్దయితే జీతగాడికి ఒరిగేదేంటి? బతకడానికి సరిపడా వేతనం అనే మాట 43వ అధికరణంలో ఉంది. అది ఆదేశిక సూత్రం. అంటే దాన్ని అమలు చేయమని కోర్టుకు వెళ్లలేం.

సర్దుబాటు 5: శిక్ష తర్వాత చూద్దాం

అసలు కీలకం ఇది. 23వ అధికరణం నేరమంది, శిక్షెంతో చెప్పలేదు. ఆ చట్టం పార్లమెంటే చేయాలని, వీలైనంత త్వరగా చేయాలని 35వ అధికరణం చెబుతుంది. అప్పటిదాకా పాత చట్టాలే నడుస్తాయి. పాత శిక్షాస్మృతిలో 374వ సెక్షన్ ఒకటి ఉండేది. బలవంతంగా పని చేయిస్తే ఏడాది వరకు జైలు. కానీ అందులో అప్పు ఊసే లేదు. ‘వాడే వచ్చి అడ్వాన్సు తీసుకున్నాడు, నేను బలవంతం చేయలేదు’ అని యజమాని అంటే కథ అక్కడితో అయిపోయేది.

1949 నవంబర్ 25న సభలో చేసిన ప్రసంగంలో అంబేడ్కర్ ఈ ప్రమాదం గురించే హెచ్చరించారు. రాజకీయాల్లో అందరూ సమానం, సామాజిక, ఆర్థిక జీవితంలో మాత్రం అసమానం అనే వైరుధ్యంలోకి అడుగు పెడుతున్నామని ఆయన చెప్పిన మాటల సారాంశం.

ఎమర్జెన్సీలో వచ్చిన విముక్తి

‘వీలైనంత త్వరగా’ అన్నది పాతికేళ్లయింది. రాజస్థాన్ లాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా చట్టాలు చేసుకున్నాయి. కేంద్రం మాత్రం కదల్లేదు. చివరికి 1975 జులైలో ఇందిరాగాంధీ ప్రకటించిన 20 సూత్రాల కార్యక్రమంలో వెట్టి నిర్మూలన చేరింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఆర్డినెన్స్, 1976 ఫిబ్రవరిలో చట్టం వచ్చాయి.

ఆ టైమ్‌లో దేశంలో ఉన్నది ఎమర్జెన్సీ. ప్రాథమిక హక్కుల కోసం కోర్టుకు వెళ్లే దారి మూసేసిన రోజులు. ఒక ప్రాథమిక హక్కును నిజం చేసే చట్టం సరిగ్గా అప్పుడే రావడం మన చరిత్రలో పెద్ద విడ్డూరం.

ఈ చట్టం ఏం చెబుతోంది?

ముందు ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక కాపరి 30 వేల అడ్వాన్సు తీసుకుని గొర్రెల కాడ చేరాడు. రెండేళ్లయినా బాకీ తీరలేదంటున్నారు. ఊరికి పోనివ్వరు, వేరే పనికి పోనివ్వరు, చేతికి పైసా రాదు. ఇతని విషయంలో చట్టం ఇలా ఉంటుంది:

- ఆ అప్పు రద్దయినట్టే. తీర్చాల్సిన పని లేదు. యజమాని వసూలు చేస్తే అది వేరే నేరం.
- అది వెట్టి అప్పు కాదు అని నిరూపించుకోవాల్సిన భారం అప్పిచ్చినవాడి మీదే ఉంటుంది.
- వెట్టి చేయించినా, వెట్టి కోసం అడ్వాన్సు ఇచ్చినా 3 ఏళ్ల వరకు జైలు, 2 వేల రూపాయల వరకు జరిమానా.
- తాకట్టు కింద లాక్కున్న ఆస్తిని తిరిగి ఇచ్చేయాలి. ఇంట్లోంచి ఖాళీ చేయించకూడదు.
- అమలు బాధ్యత కలెక్టర్‌ది. జిల్లాలో, ప్రతి డివిజన్‌లో విజిలెన్స్ కమిటీలు ఉండాలి.

అడ్వాన్సు తీసుకున్న ప్రతి ఒక్కరూ వెట్టి కూలీ కాదు. పని మానేసి వెళ్లే స్వేచ్ఛ, ఊళ్లు తిరిగే స్వేచ్ఛ, తగిన కూలి అడిగే స్వేచ్ఛ ఉన్నాయా అన్నదే ఇక్కడ పరీక్ష. అడ్వాన్సు పేరుతో వీటిని లాక్కుంటే అది వెట్టే.

కోర్టులు గీసిన గీత

1982లో ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు పెద్ద తీర్పు ఇచ్చింది. కొట్టి పని చేయించడమే బలవంతం కాదు, ఆకలి కూడా బలవంతమే అన్నది దాని సారం. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకుంటే అది 23వ అధికరణం కింద బలవంతపు శ్రమేనని జస్టిస్ భగవతి ధర్మాసనం చెప్పింది. ఈ హక్కు ప్రభుత్వం మీదే కాదు, ప్రైవేటు యజమాని మీద కూడా పనిచేస్తుంది.

ఆ తర్వాత బంధువా ముక్తి మోర్చా, నీరజా చౌదరి కేసుల్లో ఇంకో అడుగు వేసింది. విడిపించి వదిలేస్తే సరిపోదు, బతుకుదెరువు చూపించాలని చెప్పింది. ఎందుకంటే చేతిలో ఏమీ లేనివాడు మళ్లీ అదే గుమ్మం ఎక్కుతాడు. అంబేడ్కర్ 1947లో భూమి గురించి చెప్పింది కూడా ఇదే కదా!

ఇప్పుడున్న కేంద్ర పథకం ప్రకారం విడుదలైన పురుషులకు లక్ష, మహిళలు, పిల్లలకు 2 లక్షలు, అతి తీవ్రమైన కేసుల్లో 3 లక్షల పునరావాస సాయం ఉంది.

కువైట్ దాకా వెళ్లిన కథ

ఒంటిమిట్ట, రాజంపేట, రాయచోటి వైపు ఊళ్లకు కువైట్ కొత్త కాదు. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లను అక్కడ ‘ఖద్దామా’ అంటారు. గల్ఫ్‌లో కఫాలా పద్ధతి ఉంది. వీసా యజమాని పేరు మీద ముడిపడి ఉంటుంది. మంచి ఇల్లు దొరికినవాళ్లు అప్పులు తీర్చి, ఇల్లు కట్టుకున్నారు. చెడ్డ ఇల్లు దొరికితే మాత్రం పాస్‌పోర్టు యజమాని దగ్గర, ఏజెంటుకు కట్టిన అప్పు ఊళ్లో. ఇది అచ్చం పాత జీతం లాంటిదే, సముద్రం దాటింది అంతే.

23వ అధికరణం కువైట్ కోర్టులో పనిచేయదు. అందుకే జాగ్రత్త ఇక్కడి నుంచే మొదలవ్వాలి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన దేశాలకు ఇంటి పనికి వెళ్లే మహిళలకు 30 ఏళ్లు నిండాలి. ప్రైవేటు ఏజెంట్లు వాళ్లను పంపకూడదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రంలో ఆ పని చూసేది ఓంక్యాప్. విజిట్ వీసా మీద పంపుతామని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి.

ఎవరికి చెప్పాలి?

మీ ఊళ్లో, ఇటుక బట్టీలో, తోటలో, గొర్రెల మందల దగ్గర ఎవరైనా ఇలా చిక్కుకున్నారని తెలిస్తే కలెక్టర్‌కు లేదా ఆర్డీవోకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పిల్లలైతే 1098, ఉచిత న్యాయ సాయానికి 15100, అత్యవసరమైతే 112. అధికారులు విడిపించాక విడుదల ధ్రువపత్రం తప్పకుండా అడిగి తీసుకోండి. పునరావాస సాయానికి అదే ఆధారం.

అమెరికా రాజీని రాజ్యాంగం అక్షరాల్లోనే రాసుకుంది. మనవాళ్లు అక్షరాల్లో వెట్టి వద్దనే రాశారు, రాజీ పడింది టైమ్ దగ్గర, భూమి దగ్గర. ఆ ఆలస్యంలో ఒక తరం జీతగాళ్ల జీవితం కరిగిపోయింది. ఇవాళ ఆ సాకు లేదు. చట్టం ఉంది, అప్పు చెల్లదని అందులో స్పష్టంగా ఉంది. అడ్వాన్సు పుస్తకంలో వేలిముద్ర వేసినవాడికి ఆ సంగతి చెప్పేవాళ్లే కావాలి.